పాలస్తీనా పల్లెల్లో విదేశీ వాలంటీర్లు చేసే పని ఏమిటి? మూడుసార్లు వెళ్లొచ్చిన మనిషిగా నా సమాధానం

డబ్లిన్‌లో ఎం.ఎస్. చదువుతున్న కరీంనగర్ అబ్బాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "వేరే దేశాల నుంచి వాలంటీర్లు పాలస్తీనా వెళ్లి, ఆయుధం పట్టకుండా అక్కడి రైతులకు, పిల్లలకు తోడుగా నిలబడతారని విన్నాను. దానివల్ల నిజంగా ఉపయోగం ఉందా? ప్రాణానికి ప్రమాదం కాదా? నాకూ వెళ్లాలని ఉంది. ఇంట్లో చెప్పకుండా వెళ్లొచ్చా?"

బాబూ, నేను ఇంగ్లండులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. సొంతూరు చీరాల దగ్గర. 2013లో మూడు నెలలు పాలస్తీనాలో భాగమైన వెస్ట్‌బ్యాంక్ దక్షిణాన హెబ్రాన్ కొండల్లో ఉన్నాను. మళ్లీ 2016లో, 2019లో ఆలివ్ కోతల కాలంలో నబ్లుస్ వైపు పల్లెలకు వెళ్లాను. చూసిందీ తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. కాస్త పొడుగవుతుంది.

ముందుగా ఒక మాట. అక్కడికి వెళ్లే వాలంటీరు ఎవరినో కాపాడేస్తానని వెళ్లకూడదు. వాళ్లు పిలిస్తే వెళ్లాలి, చెప్పిన చోట నిలబడాలి, ఇక చాలంటే వచ్చేయాలి. ఏ పొలానికి పోవాలి, ఎంతసేపు ఉండాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి అన్నవి ఆ ఊరివాళ్ల నిర్ణయాలు. మనం విమానం ఎక్కి వచ్చేస్తాం. ఆ తర్వాత అర్ధరాత్రి సైనికులు తలుపు కొట్టేది వాళ్ల ఇంటికే.

ఈ పని ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక బడి దారి గురించి చెప్పాలి. హెబ్రాన్ కొండల్లో అత్-తువానీ అని ఒక పల్లె. దానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో తూబా అనే చిన్న ఊరు, గొర్రెలు కాచుకునేవాళ్లు గుహల్లో, రేకుల పాకల్లో ఉంటారు. తూబా పిల్లలు చదువుకోవాలంటే తువానీ బడికే రావాలి. ఆ దారిలో మావోన్ అనే ఇజ్రాయెలీ సెటిల్మెంటు కట్టారు, దాని పక్కనే చెట్ల మధ్య హవత్ మావోన్ అనే ఔట్‌పోస్టు లేచింది. 1967 యుద్ధంలో ఆక్రమించిన భూమిలో తమ పౌరుల కోసం ఇజ్రాయెల్ కట్టిన కాలనీలను సెటిల్మెంట్లంటారు. అంతర్జాతీయ చట్టం ప్రకారం అవి అక్రమం. ఔట్‌పోస్టులకైతే కట్టేనాటికి ఇజ్రాయెల్ ప్రభుత్వ అనుమతి కూడా ఉండదు. పిల్లలు ఆ దారిన నడుస్తుంటే రాళ్లు పడేవి, తరిమేవాళ్లు. చుట్టు తిరిగి పోతే గంటన్నర పైగా నడక.

2004లో రెండు సంస్థల వాలంటీర్లు, అమెరికన్లూ ఇటాలియన్లూ, ఆ పిల్లలతో పాటు నడవడం మొదలుపెట్టారు. సెప్టెంబరు నెలాఖరున ముసుగులేసుకున్న మనుషులు ఔట్‌పోస్టు వైపు నుంచి వచ్చి, గొలుసులతో, కర్రలతో ఇద్దరు అమెరికన్ వాలంటీర్లను ఎముకలు విరిగేలా కొట్టారు. ఒకరి ఊపిరితిత్తికి దెబ్బ తగిలింది. అంతకుముందు పిల్లలకు తగిలిన రాళ్ల గురించి ఎవరికీ పట్టలేదు. విదేశీయులకు ఎముకలు విరిగేసరికి వార్త అయింది. ఇజ్రాయెల్ పార్లమెంటులోని బాలల హక్కుల కమిటీ దాకా పోయింది. ఆ ఏడాదే సైన్యం జీపు ఆ పిల్లల వెంట రోజూ రావాలని నిర్ణయమైంది.

నేను వెళ్లేనాటికి ఆ ఏర్పాటు మొదలై తొమ్మిదేళ్లు. మా పని ఏమిటంటే, పొద్దున్నే ఎదురు కొండ మీద ఒక రాయి చూసుకుని కూర్చోవడం. చేతిలో ఒక నోటు పుస్తకం, ఒక బైనాక్యులర్, ఒక ఫోను. పిల్లలు ఎంతమంది వచ్చారు, జీపు ఎన్నింటికి వచ్చింది, సైనికులు పిల్లల వెనకాల నడిచారా లేక జీపులోనే కూర్చున్నారా, దారి చివరిదాకా వచ్చారా లేక మధ్యలోనే వదిలేశారా, అన్నీ రాయాలి. జీపు రాకపోతే సైన్యం ఆఫీసుకు ఫోన్ చేయాలి. ఎత్తకపోతే మళ్లీ చేయాలి. మూడు నెలల్లో నేను చేసిన పనిలో ముప్పాతిక వంతు ఇదే. నలభై పేజీలు నిండాయి. ఒకరోజు జీపు రాలేదు. పిల్లలు ఎండలో రాళ్ల మీద కూర్చుని ఎదురు చూశారు, పెద్ద పిల్ల ఒకతి చిన్నవాళ్లకు ఎక్కాలు అప్పజెప్పిస్తోంది. గంట దాటాక జీపు వచ్చింది. పిల్లలు లేచి, మట్టి దులుపుకుని, మా వైపు చెయ్యూపి నడిచారు. నేను పుస్తకంలో టైము రాశాను. అంతే ఆ రోజు.

మీరు వీడియోల్లో చూసే బుల్డోజర్లు, బాష్పవాయువు, అరెస్టులు ఉంటాయి, కాదనను. కానీ ఈ పనిలో ఎక్కువ భాగం కాచుకుని కూర్చోవడమే. అది చేయలేనివాళ్లు వెళ్లకపోవడం మంచిది.

ఇప్పుడు అసలు ప్రశ్న: విదేశీయులు పక్కన ఉంటే ఏం మారుతుంది? వెస్ట్‌బ్యాంక్‌లో ఒకే కొండ మీద రెండు చట్టాలు నడుస్తాయి. సెటిల్మెంటులో ఉండే ఇజ్రాయెలీకి పౌర చట్టం, పక్క పల్లెలోని పాలస్తీనా రైతుకు మిలటరీ కోర్టు. రైతు ఫిర్యాదు చేస్తే ఫైలు మూలన పడుతుంది. అదే చోట ఒక అమెరికన్, ఒక ఇటాలియన్, ఒక బ్రిటిష్ మనిషి కెమెరా పట్టుకుని ఉంటే, సైనికుడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఎంబసీ అడుగుతుంది, పేపర్లో వస్తుంది, పై అధికారి సంజాయిషీ రాసుకోవాలి. అంటే ఒక మనిషి ప్రాణానికి ఒక ధర, ఇంకో మనిషి ప్రాణానికి ఇంకో ధర. ఆ లెక్కే అన్యాయం. ఆ అన్యాయపు లెక్కలో మనకు దొరికిన ఎక్కువ ధరను అది లేనివాళ్లకు కాసేపు అరువివ్వడమే ఈ పని. నాకు ఇది తెలిసిన రోజున చాలా సిగ్గేసింది. నా చర్మం రంగు వాళ్లదే, మా అమ్మ వంటింటికీ వాళ్ల వంటింటికీ పెద్ద తేడా లేదు. నా సంచిలో ఉన్న పాస్‌పోర్టు మాత్రమే వేరు.

ఈ పద్ధతి మూలాల్లో మన దేశం కూడా ఉందని చాలామందికి తెలియదు. గాంధీజీ ఆలోచించిన శాంతిసేనను వినోబా 1957లో నిలబెట్టారు. అల్లర్లు జరిగే చోటికి ఆయుధం లేకుండా పోయి మధ్యలో నిలబడటం వాళ్ల పని. 1962 కొత్త సంవత్సరం రోజుల్లో బేరూత్ దగ్గర బ్రుమ్మానాలో సమావేశమై ప్రపంచ శాంతి దళం పెట్టినప్పుడు దాని సహాధ్యక్షుల్లో జయప్రకాశ్ నారాయణ్ ఒకరు. 1981లో కెనడాలో పీస్ బ్రిగేడ్స్ ఇంటర్నేషనల్ పుట్టినప్పుడు శాంతిసేన నడిపిన నారాయణ్ దేశాయ్ అక్కడ ఉన్నారు. గ్వాటెమాలాలో బెదిరింపులు ఎదుర్కొంటున్న మనుషుల వెంట రాత్రీ పగలూ తోడుండే పని వాళ్లు 1980లలో మొదలుపెట్టారు. హెబ్రాన్‌లో 1995 నుంచి క్రైస్తవ శాంతి బృందాలు చేసిందీ, 2002 నుంచి ప్రపంచ చర్చిల మండలి మూడేసి నెలలకు మనుషుల్ని పంపుతూ చేస్తున్నదీ ఆ దారిలోనిదే.

అయితే పాలస్తీనావాళ్లకు అహింస ఎవరో బయటివాళ్లు వచ్చి నేర్పలేదు. ఇది గట్టిగా చెప్పాలి. బెత్లెహేం పక్కన బేత్ సాహూర్ అనే ఊరుంది. మొదటి ఇంతిఫాదా (ఆక్రమణ మీద పాలస్తీనావాళ్ల తిరుగుబాటు) కాలంలో, 1988-89లో, ఆ ఊరివాళ్లు ఆక్రమణ ప్రభుత్వానికి పన్ను కట్టం అన్నారు. ఇజ్రాయెల్ పాలకు బదులు మన పాలే తాగుదామని పద్దెనిమిది ఆవుల్ని కొనుక్కొచ్చి డెయిరీ పెట్టుకున్నారు. సైన్యం ఆ ఆవుల కోసం కూడా వెతికింది. 1989 చివర్లో ఊరిని ఆరు వారాలు దిగ్బంధించి, పన్ను కింద ఇళ్లల్లో ఫ్రిజ్‌లు, టీవీలు, కొట్లలో సరుకు, వర్క్‌షాపుల్లో మిషన్లు ఎత్తుకుపోయారు. అయినా కట్టలేదు. ఆ సంగతి నాకు చెప్పిన పెద్దాయనకు నేను మా చీరాల-పేరాల కథ చెప్పాను. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టేది లేదంటూ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట వేలమంది ఇళ్లొదిలి, రామ్‌నగర్ అని పాకలేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. మా నాన్నమ్మ వాళ్ల అమ్మ ఆ పాకల్లో వండిందట. ఆయన శ్రద్ధగా విని, "మీవాళ్లు ఊరు వదిలి గెలవాలని చూశారు, మేం వదిలితే మళ్లీ రానివ్వరు" అన్నాడు. వాళ్ల భాషలో సుమూద్ అనే మాట ఉంది. పట్టు వదలకుండా ఉన్నచోటనే ఉండటం. గొర్రె మేపడం, కూలిన గోడ మళ్లీ కట్టడం, పిల్లను బడికి పంపడం, అన్నీ అందులోకే వస్తాయి.

ఆ బేత్ సాహూర్ ఉద్యమంలో తిరిగిన ఫిజిక్స్ ప్రొఫెసర్ ఘస్సాన్ అందోనీ, పాలస్తీనా మూలాలున్న అమెరికన్ హువైదా అర్రాఫ్, ఇజ్రాయెలీ అయిన నెటా గోలన్ వంటివాళ్లు కలిసి 2001లో ఇంటర్నేషనల్ సాలిడారిటీ మూవ్‌మెంట్ మొదలుపెట్టారు. అది రెండో ఇంతిఫాదా కాలం. 2002 వసంతంలో బెత్లెహేంలోని యేసు జన్మస్థాన చర్చిలో పాలస్తీనా సాయుధులు, మామూలు జనం, చర్చి ఫాదర్లు అందరూ చిక్కుకుని, చుట్టూ సైన్యం ముట్టడి వేసింది. మే మొదట్లో కొందరు వాలంటీర్లు బియ్యం, పప్పులు ఉన్న సంచులతో సైనికుల కళ్లెదుటే పరుగెత్తి లోపలికి వెళ్లిపోయారు. ముట్టడి ముగిసేదాకా లోపలే ఉన్నారు. ప్రత్యక్ష చర్య అంటే ఇదన్నమాట. అర్జీ పెట్టి ఎదురు చూడటం కాకుండా, కావలసిన పనిని అక్కడే మన శరీరంతో చేయడం, దాని ఫలితం మనమే భరించడం.

ప్రమాదం గురించి అడిగారు కదా. ఉంది. 2003 మార్చి 16న గాజా దక్షిణాన రఫాలో, ఒక కుటుంబం ఇల్లు కూలగొట్టకుండా అడ్డంగా నిలబడ్డ రేచల్ కోరీ అనే 23 ఏళ్ల అమెరికన్ అమ్మాయి సైనిక బుల్డోజర్ కింద నలిగి చనిపోయింది. దూరానికి కనబడే మెరుపు రంగు జాకెట్టు వేసుకునే ఉంది. డ్రైవరుకు కనబడలేదని సైన్యం చెప్పింది. ఆమె తల్లిదండ్రులు వేసిన కేసును 2012లో హైఫా కోర్టు కొట్టేసింది, 2015లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆమె పోయిన నెల తిరక్కుండానే అదే రఫాలో, తుపాకీ కాల్పుల మధ్య ఇరుక్కున్న పిల్లల్ని పక్కకు తీసుకొస్తున్న టామ్ హర్న్‌డాల్ అనే బ్రిటిష్ విద్యార్థి తలకు తూటా తగిలింది. తొమ్మిది నెలలు కోమాలో ఉండి పోయాడు. ఇంట్లోవాళ్లు పట్టు వదలకపోవడంతో కాల్చిన సైనికుడికి శిక్ష పడింది. 2024 సెప్టెంబరు 6న నబ్లుస్ దగ్గర బేతా గ్రామంలో, అమెరికాలో అప్పుడే డిగ్రీ పూర్తి చేసిన 26 ఏళ్ల ఐషెనూర్ ఎజ్గీ ఐగీ తలలోకి తూటా దిగింది. ఆమె ఆలివ్ తోటలో, ఆందోళన జరిగిన చోటికి దూరంగా ఉందని పక్కనున్నవాళ్లు చెప్పారు. వేరొకరిని గురిపెట్టిన తూటా పొరపాటున తగిలి ఉండొచ్చని సైన్యం చెప్పింది.

ప్రమాదం ఒక్క వైపు నుంచే అనుకోకండి. గాజాలో ఏళ్ల తరబడి జాలర్లతో, రైతులతో కలిసి తిరిగిన ఇటాలియన్ విట్టోరియో అర్రిగోనిని 2011 ఏప్రిల్‌లో అక్కడి ఒక మతతీవ్రవాద ముఠా ఎత్తుకుపోయి చంపింది. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో చనిపోయిన దాదాపు 1,200 మందిలో వివియన్ సిల్వర్ ఉంది. 74 ఏళ్ల మనిషి, గాజా నుంచి వచ్చే రోగుల్ని తన కారులో ఇజ్రాయెల్ ఆస్పత్రులకు చేర్చేది. ఆ తర్వాత గాజాలో పోయినవాళ్ల సంఖ్య అక్కడి ఆరోగ్యశాఖ లెక్క ప్రకారం 60 వేలు దాటింది. ఆ 7వ తేదీన జరిగింది ప్రతిఘటన అని సర్దిచెప్పే మనిషిని నేను మా జట్టులో పెట్టుకోను. గాజాలో జరిగిందాన్ని ఆత్మరక్షణ అని సరిపెట్టే మనిషితోనూ నాకు పని లేదు.

ఇంకో మాట మరిచిపోకూడదు. విదేశీయుల పేర్లు ప్రపంచమంతా తెలుస్తాయి. బిలీన్ గ్రామంలో 2009 ఏప్రిల్‌లో గుండెకు బాష్పవాయువు గుండు తగిలి చనిపోయిన బాసెమ్ అబూ రహ్మా పేరు ఎంతమందికి తెలుసు? నిరాయుధుడు. ఆ సమయంలో కాల్పులు ఆపమని సైనికులకు కేకేసి చెబుతున్నాడు.

బిలీన్ పేరు వచ్చింది కాబట్టి ఉపయోగం సంగతి చెబుతాను. ఇజ్రాయెల్ తనకూ వెస్ట్‌బ్యాంక్‌కూ మధ్య అని 2002 నుంచి కడుతున్న అడ్డుగోడ (పల్లెల్లో అది కంచె) దారిలో దాదాపు 85 శాతం వెస్ట్‌బ్యాంక్ లోపలి నుంచే పోతుంది. 2004 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం అది చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది. గోడ ఆగలేదు. కానీ బుద్రుస్ అనే చిన్న ఊళ్లో 2003 చివర్నుంచి ఊరంతా, ఆడవాళ్లు ముందు నడిచి, బుల్డోజర్లకు అడ్డం కూర్చున్నారు. ఇజ్రాయెలీలు, విదేశీయులు వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నారు. నెలల తర్వాత కంచె దారి మార్చారు, ఊరి తోటలు చాలావరకు మిగిలాయి. బిలీన్‌వాళ్లు 2005 నుంచి ప్రతి శుక్రవారం నడిచారు. కోర్టులోనూ పోరాడారు. 2007 సెప్టెంబరులో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు ఆ దారి మార్చమంది. ఆ తీర్పు అమలై కంచె కదిలింది 2011లో. పోయిన భూమిలో కొంత తిరిగొచ్చింది, కొంత రాలేదు. ఉద్యమాన్ని నడిపినవాళ్లలో ఒకరైన బడి పంతులు అబ్దుల్లా అబూ రహ్మా ఈలోగా ఏడాదికి పైగా జైల్లో గడిపాడు. కొన్ని శుక్రవారాల్లో కుర్రాళ్లు రాళ్లు కూడా విసిరేవారు, పెద్దలు వారిస్తూనే ఉండేవారు. వాలంటీరు రాయి పట్టడు, పట్టినవాడికి పాఠం చెప్పే హక్కూ అతనికి లేదు. నేనైతే రాళ్లు మొదలవగానే పక్కకు వచ్చి గాయపడ్డవాళ్ల దగ్గర ఉండిపోయేదాన్ని.

పెద్ద గెలుపులు ఇలా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆక్రమణ మా వల్ల ఒక్క రోజు కూడా తగ్గలేదు. చిన్నవి మాత్రం రోజూ ఉంటాయి. 2016 అక్టోబరులో జరిగిన ఒక పూట చెబుతాను.

వెస్ట్‌బ్యాంక్‌లో 80 వేల నుంచి లక్ష కుటుంబాలకు ఆలివ్ కాపే ఆదాయంలో ఒక భాగమని ఐక్యరాజ్యసమితి లెక్క. సెటిల్మెంటు పక్కన తోట ఉన్న రైతు తన సొంత చెట్ల దగ్గరికి పోవాలంటే సైన్యంతో తన్‌సీక్ కావాలి, అంటే ముందే తేదీ కుదుర్చుకోవాలి. మేం వెళ్లిన కుటుంబానికి ఏడాది మొత్తంలో దొరికింది రెండు రోజులు. తెల్లవారకముందే అందరం కొండ ఎక్కాం. చెట్టు కింద పెద్ద పట్టా పరుస్తారు. చేతికి చిన్న ప్లాస్టిక్ దువ్వెన ఇస్తారు, దాంతో కొమ్మను పైనుంచి కిందికి దువ్వితే కాయలు పట్టా మీద టపటపా రాలతాయి. మా ఊళ్లో చింతకాయలు దులిపినట్టు నేను కర్ర తీసుకున్నాను. ఆ ఇంటి పెద్దావిడ వచ్చి కర్ర లాక్కుంది. కొడితే లేత రెమ్మలు విరిగి వచ్చే ఏడు కాపు పోతుందట. నన్ను ఖాల్తీ అని పిలవమని మనవళ్లకు చెప్పింది, మన పిన్నిలాంటి వరస.

పది గంటలకు పైనున్న సెటిల్మెంటు నుంచి నలుగురు దిగారు, కేకలు మొదలుపెట్టారు. వాళ్ల వెనకే సైనికులు. ఒక అధికారి ఇది మూసేసిన సైనిక ప్రాంతం, అందరూ దిగిపోవాలి అన్నాడు. మా జట్టులో మాట్లాడే మనిషిని ముందే ఒకరినే పెట్టుకుంటాం. ఆ రోజు ఒక ఇజ్రాయెలీ రబ్బీ, అంటే యూదు మతగురువు, మాతో ఉన్నాడు. ఆయన మర్యాదగా ఉత్తర్వు చూపించమన్నాడు. మ్యాపు ఏదీ, సంతకం ఎవరిది, ఏ తేదీ, అని ఒక్కొక్కటే అడిగాడు. రైతుల్ని వాళ్ల పొలం నుంచి దూరం పెట్టడం పరిష్కారం కాదు, వాళ్లకు రక్షణ ఇవ్వాల్సింది సైన్యమే అని 2006లో మీ సుప్రీంకోర్టే చెప్పింది కదా అని గుర్తుచేశాడు. అధికారి ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. ఇంతసేపూ పెద్దావిడ చెయ్యి ఆగలేదు. ఆవిడను చూసి మేమూ ఆపలేదు. ఆ నలభై నిమిషాల మాటల్లో ఇంకో మూడు చెట్లు అయిపోయాయి. చివరికి దిగిపొమ్మనే అన్నారు, దిగిపోయాం. కానీ తొమ్మిది బస్తాలు దిగాయి మాతో పాటు. ఆ రాత్రి గానుగ దగ్గర పచ్చటి నూనె ధారలా పడుతుంటే, వేడి రొట్టె ముక్క అందులో ముంచి ముందు నా నోట్లో పెట్టారు. మేం లేకపోతే ఆరు బస్తాలే వచ్చేవేమో. మూడు బస్తాల తేడా కోసం ఇంత దూరం వెళ్లాలా అని మా అమ్మాయే అడిగింది. ఆ ఇంట్లో ఏడాదంతా ఆ నూనే వాడతారమ్మా అని చెప్పాను.

ఇప్పటి పరిస్థితి అప్పటిలా లేదు. పాస్‌పోర్టు ఇచ్చే రక్షణ పలచబడింది. 2023 తర్వాత సెటిలర్ల దాడులు బాగా పెరిగాయి, కొన్ని గొర్రెల కాపరుల ఊళ్లు పూర్తిగా ఖాళీ అయ్యాయి. 2024 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం ఆక్రమిత భూభాగంలో ఇజ్రాయెల్ ఉనికే చట్టవిరుద్ధం అని చెప్పింది, నేల మీద మాత్రం ఏ మార్పూ లేదు. 2025 అక్టోబరులో నబ్లుస్ దగ్గర బురీన్‌లో కోతకు వచ్చిన 32 మంది విదేశీయులను పట్టుకుని దేశం నుంచి పంపించే ఉత్తర్వులిచ్చారు. ఒకసారి అలా పంపేస్తే ఏళ్ల తరబడి మళ్లీ రానివ్వరు. అయినా రమ్మని పిలుస్తూనే ఉన్నారు. విదేశీయులు ఉంటే దాడి జరగదన్న నమ్మకం వాళ్లకు పోయింది, కనీసం చూసినవాళ్లు మిగులుతారని పిలుస్తున్నారు.

మీ సంగతికి వస్తాను. మీది భారత పాస్‌పోర్టు, ఐర్లండులో స్టూడెంట్ వీసా. ఇజ్రాయెల్ వెళ్లాలంటే ముందే వీసా తీసుకోవాలి, వెస్ట్‌బ్యాంక్‌కు ఏ దారిన పోయినా వాళ్ల సరిహద్దు దాటాల్సిందే. అరెస్టయి వెనక్కి పంపిస్తే ఆ మచ్చ మీ తర్వాతి వీసా అప్లికేషన్లన్నిటి మీదా పడొచ్చు. చదువు మధ్యలో ఆ రిస్కు వద్దని మీ పెద్దమ్మలా చెబుతున్నాను. చదువు పూర్తి చేయండి, అప్పటికీ మనసు అటే ఉంటే శిక్షణ ఇచ్చే సంస్థ ద్వారా వెళ్లండి. శిక్షణ లేకుండా పంపే సంస్థ అయితే వెళ్లకండి. నాకు ఒకసారి అలాంటి అనుభవమైంది. ఒక చిన్న సంస్థ వాళ్లు రెండు రోజులు నేర్పాల్సింది రెండు గంటల్లో ముగించారు. నాతో వచ్చిన కుర్రాడు ఒకడు మొదటి రోజే ఆ ఇంటి పిల్లల ముఖాలు కనబడేలా ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. వారం తర్వాత సైనికులు ఆ ఫొటో ఫోన్లో చూపిస్తూ ఆ ఇంటికి వచ్చారు. పదహారేళ్ల అబ్బాయిని తీసుకెళ్లి రెండు రోజులు ఉంచారు. ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాటా అనలేదు, టీ కూడా పోసింది. ఇప్పటికీ నాకు ఆ టీలో వేసే సేజ్ ఆకు వాసన వస్తే కడుపులో తిప్పుతుంది.

మంచి శిక్షణలో ఏం నేర్పుతారంటే, తోపులాట వస్తే పరుగెత్తకుండా నిలబడటం, సైనికుడితో చేతులు కనబడేలా పెట్టుకుని మామూలు గొంతుతో మాట్లాడటం, వీడియో తీసేటప్పుడు టైము, చోటు పైకి చెప్పడం, ఉల్లిపాయ వాసనా నీళ్లూ బాష్పవాయువుకు ఎంతవరకు పనికొస్తాయో తెలుసుకోవడం. ముఖ్యంగా, అరెస్టుకు ఎవరు సిద్ధం, ఎవరు కాదు అని ముందే మాట్లాడుకుంటారు. భయంగా ఉంది అని చెప్పడం అక్కడ తప్పు కాదు. చెప్పకుండా వచ్చి పొలంలో వణికిపోతే పక్కవాళ్లకు ప్రమాదం.

ఈలోగా డబ్లిన్‌లోనే చేయదగ్గ పని చాలా ఉంది. వెళ్లొచ్చినవాళ్లు అక్కడ మీటింగులు పెడుతుంటారు, ముందు వెళ్లి వినండి. అరబిక్ నేర్చుకోండి. నాకు వచ్చినవి యాభై మాటలే, వాటితోనే ఎన్నో తలుపులు తెరుచుకున్నాయి. తెలుగులో రాయండి. మన భాషలో ఈ విషయం మీద వచ్చేదంతా రెండు మతాల గొడవగానే వస్తోంది. భూమి, నీళ్లు, బడి దారి, కోత రోజులు అన్న మాటలు అందులో కనబడవు.

ఆఖరి ప్రశ్న, ఇంట్లో చెప్పకుండా వెళ్లొచ్చా అని. వద్దు. శిక్షణ చివరి రోజున ఒక ఫారం ఇస్తారు. బ్లడ్ గ్రూపు, అలర్జీలు, వాడే మందులు రాశాక అడుగున ఒక గడి ఉంటుంది. మీకు ఏదైనా జరిగితే రాత్రి ఏ వేళైనా ఫోన్ చేయదగిన మనిషి పేరు, నంబరు. 2013లో నేను ఆ గడి దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, మా అమ్మాయికి అప్పటికి యెరూషలేంలో చర్చిలు చూడటానికి వెళ్తున్నానని మాత్రమే చెప్పాను. లేచి బయటికెళ్లి ఫోన్ చేశాను. అరగంట ఏడ్చింది, పోట్లాడింది, చివరికి "నా ఆఫీసు నంబరు కూడా రాయి" అంది. రెండు నంబర్లూ రాసి ఫారం ఇచ్చాను.